తిరుపతిలో కోయి కొలను: గుంత తవ్వకముందే తేల్చుకోవలసినవి

కోయి చేపలు పెంచుకోవాలని మనసు పడినవాళ్లు ముందు చేపల దుకాణానికి వెళ్తారు, తర్వాత మేస్త్రిని పిలుస్తారు, కరెంటు పాయింటు సంగతి చివర్లో గుర్తొస్తుంది. మన ఊళ్లో ఈ వరస పూర్తిగా తిరగబడాలి. నీడ ఎక్కడుంది, నీళ్లు ఎలాంటివి, కరెంటు పోతే ఏం చేస్తాం, ఈ మూడూ తేలాకే గుంత కొలతలు. గుంత తేలాకే చేపలు.

కోయి పుట్టిల్లు జపాన్‌లోని నీగాటా. కొండల మధ్య వరి పండించే ఊళ్లవి, చలికాలంలో మంచు విపరీతంగా పడుతుంది. అక్కడి రైతులు తిండి కోసం పెంచుకున్న కార్ప్ చేపల్లో రంగు తేలినవాటిని 19వ శతాబ్దం తొలినాళ్ల నుంచి ఏరి, జత కలిపి, ఈ రకాలన్నీ తీశారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో మిగతా జపాన్‌కి వీటి పేరు తెలిసింది. కొలను కట్టడం మీద దొరికే పుస్తకాలూ వీడియోలూ ఎక్కువగా చలి దేశాల నుంచి వచ్చినవే. నీళ్లు గడ్డకడితే ఏం చేయాలన్నది వాళ్ల బెంగ. మనకి మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాళ్ల డిజైన్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి తిరుపతిలో కడితే మొదటి వేసవికే ఇబ్బంది పడతాం.

కోయికి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. 30 దాకా తట్టుకుంటుంది, అది దాటితే అవస్థ మొదలవుతుంది. వేడితోపాటు ఇంకో చిక్కు కూడా వస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరగగలదు. 30 దగ్గర అది ఏడున్నరకి, 35 దగ్గర ఏడు కన్నా కిందికి పడిపోతుంది. అదే వేడిలో చేపకి ఊపిరి అవసరం పెరుగుతుంది. నీళ్లు పచ్చబడిన తొట్టి దగ్గరికి మే నెలలో తెల్లవారుజామున టార్చి వేసుకుని వెళ్లి చూడండి. చేపలన్నీ నీళ్లు పడే మూలకి చేరి, మూతులు పైకి పెట్టి గాలి గుటకలు వేస్తుంటాయి, మొప్పలు ఆగకుండా కొట్టుకుంటుంటాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చిన పాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది కాబట్టి తెల్లవారే ముందు గంటే అన్నిటికన్నా గడ్డుది. కింద చెప్పేవన్నీ ఆ గంటని గట్టెక్కడానికి ఏది మేలో చూసి చెప్పేవే.

కోయేనా, ఇంకేదైనానా?

కోయి రెండడుగుల దాకా పెరుగుతుంది. బాగా చూసుకుంటే పాతికేళ్లు పైనే బతుకుతుంది. దుకాణంలో వేలంత కనిపించిన పిల్ల మన వేడికి రెండేళ్లలో అడుగు దాటుతుంది. ఒక్కో చేపకి వెయ్యి లీటర్ల నీళ్లు లెక్కవేసుకోవాలి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల నీటి లోతు ఉన్న కొలనులో పట్టేది దాదాపు 6,800 లీటర్లు. అంటే ఆరేడు చేపలు, అంతే. చిన్నగా ఉన్నాయి కదా అని ఇరవై వేస్తే మొదటి ఏడాది బాగానే ఉంటుంది, రెండో వేసవి దాటదు.

ఇంత చోటూ నీళ్లూ లేనివాళ్లకి కామెట్ గోల్డ్‌ఫిష్ చాలా మంచి ఎంపిక. పొడవు తోక, ఎరుపు లేదా ఎరుపు తెలుపు కలిసిన ఒళ్లు, అడుగు లోపే ఆగిపోయే సైజు. వేడి, చలి రెండూ ఓర్చుకుంటుంది. కోయి ఉన్న కొలనులో కలువ, తామర నిలవవు, దుంపల దగ్గర మట్టిని కోయి చేపలు నోటితో తవ్వేస్తాయి. కామెట్‌లతో ఆ బాధ అంతగా ఉండదు. కలువలు విరిసి, వాటి కింద చేపలు తిరుగుతుంటే చూడాలనుకునేవాళ్లు కోయి జోలికి వెళ్లకపోవడమే మంచిది. రెండూ ఒకే తొట్టిలో కలిపి అమ్మే చోట గుర్తుపట్టడం తేలిక. కోయి నోటి పక్కన రెండు జతల మీసాలుంటాయి, గోల్డ్‌ఫిష్‌కి ఉండవు. గుండ్రని పొట్ట, రెండు తోకల ఒరండాలాంటి గోల్డ్‌ఫిష్ రకాలు మాత్రం ఆరుబయటికి పనికిరావు, అవి గాజు తొట్టిలోవి.

బొచ్చె, శీలావతి వేద్దామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అవి మన నీళ్లకి అలవాటైన చేపలే, చక్కగా పెరుగుతాయి. కానీ వాటి వీపు నల్లగా ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే నీళ్లలో కలిసిపోతాయి. కోయిని పైనుంచి చూడ్డానికే తీర్చిదిద్దారు, రంగంతా వీపు మీదే ఉంటుంది. ఇక గప్పీలకైతే ఒక సిమెంటు తొట్టి చాలు. దోమ పిల్లల్ని తినేస్తాయి, మోటారు అక్కర్లేదు.

నా మాట సూటిగా చెప్తాను. అద్దె ఇల్లయినా, మూడు వేల లీటర్లకి తక్కువ చోటున్నా, ఇంట్లో ఇన్వర్టర్ లేకపోయినా కోయి వద్దు, కామెట్‌లు పెంచండి. ఇది సర్దుబాటు ఏమీ కాదు. మూడేళ్ల తర్వాత కూడా చేపలు ఆరోగ్యంగా తిరుగుతుంటే వచ్చే తృప్తి, ఖరీదైన చేప ప్రతి వేసవిలో చచ్చిపోతుంటే రాదు.

చోటు

ఇంట్లో నీళ్లంటే మన దగ్గర ముందు వచ్చే మాట ఈశాన్యం. చేపకి కావలసిన మూల కూడా అదే కావడం మన అదృష్టం. ఇంటికి ఈశాన్యంలో కొలను ఉంటే పొద్దున లేత ఎండ పడుతుంది, మధ్యాహ్నం దాటాక ఇంటి నీడే వచ్చి కొలను మీద పరుచుకుంటుంది. అదే పడమటి వైపు పెడితే సాయంత్రం ఎండంతా నీళ్లలోనే ఉంటుంది. పక్కనున్న గోడ కాగి రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఈశాన్యంలో ఇప్పటికే బోరూ సంపూ ఉంటే తూర్పు గోడ వెంబడి జరపండి. పడమర తప్ప వేరే దారి లేకపోతే షేడ్ నెట్ ఖర్చుని కూడా మొదటి రోజే బడ్జెట్‌లో కలుపుకోండి.

నెట్ 50 శాతం నీడనిచ్చేది చాలు. ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టాలి, కిందికి కడితే గాలి ఆడక ఉక్క పెరుగుతుంది. చెట్టు నీడ ఉంది కదా అనుకుంటారు గానీ వేప, మామిడి కింద కొలను పెడితే ఆకు, పూత, పిందె అన్నీ నీళ్లలోకే రాలుతాయి. అవి కుళ్లి ఆక్సిజన్ తినేస్తాయి, ఫిల్టరు రోజూ కడగాల్సి వస్తుంది. చెట్టుకి పది పన్నెండు అడుగుల దూరంలో, దాని నీడ మాత్రం పడేలా పెట్టుకుంటే మంచిది.

మిద్దె మీద కట్టొచ్చా? నాలుగడుగుల లోతు నీళ్లు చదరపు మీటరుకి 1,200 కిలోలు బరువు తూగుతాయి. ఇళ్ల శ్లాబుల్ని మామూలుగా చదరపు మీటరుకి 150 నుంచి 200 కిలోల బరువుకే లెక్కకడతారు. మిద్దె మీద కోయి కొలను మాట మరచిపోండి.

గుంత: తవ్వాలా, లేపాలా?

మేస్త్రిని పిలిచి చేపల కొలను అనగానే వచ్చే మాట, "రెండడుగులు చాలు సార్, చేపకి అంతకన్నా లోతు దేనికి?" ఇక్కడ మెత్తబడకండి. లోతే మన ఎయిర్ కండిషనర్. రెండడుగుల నీళ్లు పైనుంచి కింది దాకా ఒకేలా కాగిపోతాయి. నాలుగడుగులుంటే మధ్యాహ్నం చేపలు అడుగుకి దిగి కాస్త చల్లగా ఉండగలవు. నాలుగడుగులు నీళ్లు నిలవాలి, దానిపైన ఇంకో అర అడుగు గోడ.

పూర్తిగా భూమిలోకి తవ్వి షీటు పరచడం ఖర్చు తక్కువ పద్ధతి. షీటు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మామిడి తోటల్లో సేద్యపు కుంటలకి వేసే 500 మైక్రాన్ల మందం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు మన జిల్లాల్లో రైతులకి బాగా తెలిసిన సరుకే. కొలత ఇలా కట్టాలి: పొడవుకి రెండింతల లోతు కలిపి, అంచులకి ఇంకో రెండడుగులు చేర్చాలి. వెడల్పుకీ అంతే. పైన చెప్పిన కొలనుకి 20 అడుగులకి 16 అడుగుల షీటు పడుతుంది. ఈ షీటుతో తంటా ఏమిటంటే బిరుసుగా ఉంటుంది, మూలల్లో మడత సరిగా కూర్చోదు, ఆ మడతల్లో మురికి చేరుతుంది. వేడితో అతికే మిషను ఉన్నవాళ్ల చేత కొలను ఆకారానికి పెట్టెలాగా అతికించుకుంటే ఆ బాధ పోతుంది. రబ్బరులా సాగే ఈపీడీఎం షీటు దీనికన్నా చాలా మేలు, మూలల్లో ఒదిగిపోతుంది, ఎండకి చాలా ఏళ్లు తట్టుకుంటుంది. ధర ఎక్కువ, చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకోవాల్సి రావచ్చు. నీలం టార్పాలిన్ మాత్రం వద్దే వద్దు, ఎండకి పెళుసెక్కి చిరుగుతుంది. ఏ షీటు వేసినా కింద ఇసుక పోసి, దానిమీద పాత ఫ్లెక్సీలు రెండు మూడు పొరలు పరవండి. రాయి మొన తగలకుండా కాపాడతాయి. గోనె సంచులు కుళ్లిపోతాయి.

భూమిలోని షీటుకి మన పెరళ్లలో ఇంకో శత్రువు ఉంది, పందికొక్కు. కింది నుంచి కొరికిందంటే రంధ్రం ఎక్కడుందో వెతకడానికే కొలను ఖాళీ చేయాలి.

కాంక్రీటు కొలను అన్నిటికన్నా గట్టిది, అన్నిటికన్నా ఖరీదైనది. అడుగు, గోడలు రెండూ కడ్డీలు కట్టి ఆరంగుళాల మందాన పోయాలి, లోపల వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి. సరిగా కడితే మనవళ్ల కాలం దాకా ఉంటుంది. కానీ కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది, నీళ్ల క్షారగుణం ఎంతో చెప్పే పీహెచ్ 10 దాటిపోతుంది. ఆ నీళ్లలో వేసిన చేప బతకదు. మూడు వారాలు క్యూరింగ్ చేసి, నీళ్లు నింపి, నాలుగైదు రోజులుంచి తోడేయడం కొన్నిసార్లు చేయాలి. కొత్త తొట్టిలో అరటి బోదె ముక్కలు నానబెట్టడం మన దగ్గర పాత అలవాటు, చేయండి, తప్పేం లేదు. అయితే పీహెచ్ కిట్‌తో చూసి, నింపిన నీళ్లు వారం తర్వాత కూడా 8.5 లోపే నిలిచాయని తేలాకే చేప గురించి ఆలోచించండి. ఈ ఓపిక లేనివాళ్లు కాంక్రీటు మీద చేపలకి హాని చేయని ఎపాక్సీ పూత వేయించుకోవడం మంచిది.

నేను అందరికీ చెప్పేది మూడో పద్ధతి: సగం కింద, సగం పైన. రెండడుగులు తవ్వి, భూమి పైకి రెండున్నర అడుగుల గోడ లేపడం. గోడ తొమ్మిదంగుళాలది కావాలి, నాలుగున్నర అంగుళాల గోడ నీటి ఒత్తిడికి ఆగదు. పైన చుట్టూ కాంక్రీటు బెల్టు పోయాలి, లోపల షీటు వేయాలి. ఇలా ఎందుకంటే, చిత్తూరు, పలమనేరు వైపు చాలాచోట్ల మూడడుగులు తవ్వేసరికి గుండు తగులుతుంది, రెండడుగులకే ఆపితే దాన్ని పగలగొట్టే ఖర్చు తప్పుతుంది. షీటు గోడ లోపల ఉంటుంది కాబట్టి పందికొక్కు భయం తగ్గుతుంది. పాకే పిల్లలు జారి పడే ప్రమాదం తగ్గుతుంది, ఇది అన్నిటికన్నా పెద్ద మాట. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు చూసినవాళ్లకి నేలమట్టం కొలను ఎందుకు వద్దంటున్నానో వేరే చెప్పక్కర్లేదు. వీధి నీళ్లు కొలనులోకి వస్తే మురికి వస్తుంది, చేప బయటికి పోతుంది. గోడ మీద గ్రానైట్ పలక వేసుకుంటే సాయంత్రం కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఈ పద్ధతిలో ఉన్న లోపం ఒకటే, బయటికి తేలిన గోడ ఎండకి కాగుతుంది. పడమటి గోడకి తెల్ల సున్నం వేసి, ఆ పక్కన మట్టి ఎగదోసి మొక్కలు నాటితే చాలావరకు తగ్గుతుంది.

ఏ పద్ధతైనా సరే, అడుగున నాలుగంగుళాల డ్రెయిన్ పైపు వేయించండి, నేల దానివైపు వాలాలి. ఇది తర్వాత పెట్టుకునే పని కాదు. షీటు పరిచాక, కాంక్రీటు పోశాక దీన్ని పెట్టడానికి వీలుండదు.

సిమెంటు వరలు, రెడీమేడ్ ఫైబర్ తొట్ల గురించి రెండు ముక్కలు. నాలుగడుగుల వెడల్పు వరలో మూడడుగుల నీళ్లు పోస్తే వెయ్యి లీటర్లు పైన పడతాయి. నాలుగైదు కామెట్‌లకి బాగుంటుంది, కోయికి కాదు. ఫైబర్ తొట్టి అద్దె ఇళ్లకి మంచిది, ఇల్లు మారితే వెంట వస్తుంది. దాన్ని మాత్రం వరండా నీడలోనే పెట్టాలి.

నీళ్లు

మనకి ఉన్నవి బోరు, మున్సిపల్ నల్లా, ట్యాంకరు, వాన. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనం, గట్టిదనం ఎక్కువ ఉన్నవి, పీహెచ్ 8 చుట్టూ ఉండటం మామూలే. కోయికి గట్టి నీళ్లు చెడ్డవేం కావు, పీహెచ్‌ని ఊగిపోకుండా పట్టి ఉంచుతాయి. జాగ్రత్త పడాల్సింది అమ్మోనియా దగ్గర. చేప విసర్జించే అమ్మోనియాలో విషంగా పనిచేసే వంతు పీహెచ్ 7 దగ్గర నూటికి ఒకటి కూడా ఉండదు. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 8 అయితే అది నూటికి ఏడెనిమిది, 8.5 అయితే ఇరవైకి చేరుతుంది. అదే చేపలు, అదే మేత, కానీ మన నీళ్లలో, మన ఎండలో వాటికి పడే దెబ్బ పదింతలు. వెయ్యి లీటర్లకి ఒక్క చేపే అని నేను పట్టుబట్టేది ఇందుకే. బోరు నీళ్లు తోడిన వెంటనే వాటిలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, అందుకే షవర్‌లాగా పైనుంచి పడేలా వదలండి.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పల్ని కాల్చేస్తుంది. డ్రమ్ముల్లో పట్టి గాలి పంపు పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి, లేదా అక్వేరియం దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు కలపాలి. ట్యాంకరు నీళ్లు ఏ రోజు ఎక్కడివో మనకి తెలియదు, తప్పనిసరైతేనే, అదీ ప్రతిసారీ పరీక్షించాకే. ఆర్‌ఓ మిషను నుంచి బయటికి పోయే నీళ్లు పోద్దామనుకోకండి, లవణాలన్నీ చేరి ఉండేది వాటిలోనే.

నీళ్ల ఖర్చు కూడా నిజాయితీగా వేసుకోవాలి. వారానికి పదో వంతు మార్చాలంటే మన కొలనుకి దాదాపు 700 లీటర్లు. వేసవిలో రోజుకి ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైందనుకుంటే రోజూ ఇంకో 45 లీటర్లు. ఆవిరైనంత పోసి ఊరుకుంటే సరిపోదు, నీళ్లు పోతాయి గానీ లవణాలు కొలనులోనే పేరుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటే వీధిలో ఉన్నవాళ్లు ఇది ఆలోచించుకుని దిగాలి. తీసేసిన నీళ్లు మాత్రం వృథా కావు. మల్లె, కరివేపాకు, అరటికి అంతకు మించిన ఎరువు లేదు. డ్రెయిన్ పైపుని నేరుగా మొక్కల పాదులకి మళ్లించుకుంటే బక్కెట్లు మోసే పని కూడా ఉండదు.

పంపు, ఫిల్టరు, కరెంటు

కొలను నీళ్లంతా రెండు గంటలకి ఒకసారైనా ఫిల్టరు గుండా తిరగాలి. దీనికి రోజంతా, ఏడాదంతా ఆగకుండా తిరిగే పంపు కావాలి. ఇంట్లో ఉన్న అర హెచ్‌పీ మోనోబ్లాక్ పెడదామంటే అది 370 వాట్లు, రోజుకి దాదాపు తొమ్మిది యూనిట్లు, నెలకి 266. కొలను కోసమే తయారైన 80 వాట్ల పంపు నెలకి 58 యూనిట్లతో అదే పని చేస్తుంది. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువనిపించినా కొన్ని నెలల బిల్లుల్లోనే ఆ తేడా తిరిగొస్తుంది. కూలర్ మోటార్లు చవగ్గా దొరుకుతాయి గానీ అవి రాత్రింబవళ్లు తిరగడానికి చేసినవి కావు.

ఈ పంపు కాకుండా విడిగా ఒక గాలి పంపు ఉండాలి, 35 వాట్లది చాలు. దీన్ని ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, నీళ్ల పంపుని మామూలు లైన్ మీద ఉంచండి. ఈదురుగాలికి రాత్రి కరెంటు పోయినా ఇన్వర్టర్ ఈ చిన్న పంపుని తెల్లవారేదాకా నడుపుతుంది. ఆక్సిజన్ అందితే ఫిల్టరు ఆగినా చేప ఒక పూట ఓర్చుకుంటుంది, అందకపోతే గంటలే. ఒక్క పంపుకే డబ్బుంది అనేవాళ్లు కోయి కొనడం ఇంకొన్నాళ్లు వాయిదా వేసుకోండి. కొలను వైరింగ్‌కి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ ట్రిప్పర్, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. నీళ్లలో చెయ్యి పెట్టేది మనమే.

ఫిల్టర్లలో డబ్బాలో వచ్చే ప్రెషర్ ఫిల్టర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ కోయి చేసే మురికికి తరచూ అడ్డుపడతాయి. ఈత కొలనులకి వాడే ఇసుక ఫిల్టర్ అసలు పనికిరాదు, ఇసుక జిడ్డుకట్టి గడ్డలవుతుంది. మనకి అన్ని విధాలా సరిపోయేవి 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు, వరసగా. అడుగు డ్రెయిన్ నుంచి నీళ్లు వాటంతట అవే మొదటి డ్రమ్ములోకి వస్తాయి. అందులో మురికి కిందికి దిగుతుంది, వేలాడదీసిన బ్రష్షులకి మిగతాది అంటుకుంటుంది. రెండోదాంట్లో ఫిల్టర్ మ్యాట్లు. మూడోదాంట్లో గాలికి కదులుతుండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు (మీడియా), అమ్మోనియాని విరగ్గొట్టే బాక్టీరియా కాపురం ఉండేది దానిమీద. పంపు ఈ చివరి డ్రమ్ములో ఉంటుంది కాబట్టి శుభ్రమైన నీళ్లనే తోడి పైనుంచి కొలనులోకి ధారగా వదులుతుంది. సగం లేపిన కొలనుకి ఇందులో ఇంకో లాభం ఉంది. డ్రమ్ముల్లో నీటి మట్టం, కొలనులో నీటి మట్టం ఒకటిగా ఉండాలి. కొలను నీళ్లు భూమికి రెండడుగుల పైన ఉంటే మూడడుగుల డ్రమ్ముని అర అడుగు పాతితే చాలు. నేలమట్టం కొలనుకైతే డ్రమ్ములకి కూడా నిలువులోతు గుంత తవ్వాలి, కడిగినప్పుడల్లా అందులోకి దిగాలి.

మ్యాట్లు కడిగేటప్పుడు కొలను నీళ్లతోనే కడగండి. నల్లా నీళ్లతో కడిగితే క్లోరిన్‌కి ఆ బాక్టీరియా పోతుంది. నీళ్లు పచ్చబడటం ఆగకపోతే యూవీ లైటు పెట్టుకోవచ్చు. షేడ్ నెట్ ఉన్నచోట దాని అవసరం చాలావరకు తగ్గుతుంది, అందుకే ముందు నెట్ కొనండి.

పక్షులు, కోతులు, చుట్టాలు

లకుముకి పిట్ట, గుడ్డికొంగ చేప పిల్లల్ని ఎత్తుకుపోతాయి. గోడలు నిటారుగా ఉండి మెట్లు లేకపోతే కొంగకి నిలబడే చోటుండదు. అలిపిరి, కపిలతీర్థం వైపు ఉన్నవాళ్లకి కోతులతో కూడా పనే, పైపులు పీకేస్తాయి. బిగించి కట్టిన నైలాన్ వల అన్నిటికీ మందు, పిల్లలున్న ఇంట్లో ఎలాగూ కావాలి. కోనేట్లో చేపలకి బొరుగులు వేసిన అలవాటుతో చుట్టాలు పెరట్లోనూ గుప్పిళ్లతో చల్లుతారు. కోనేరు వేరు, ఆరు వేల లీటర్లు వేరు. మిగిలినవి కుళ్లి అదే అమ్మోనియా అవుతుంది. వాళ్ల చేతికి గుప్పెడు చేపల మేత ఇవ్వండి, సరదా తీరుతుంది. మేత ఐదు నిమిషాల్లో తినేసేంతే, ఎండాకాలంలో పొద్దెక్కాక ఒకసారి, సాయంత్రం పెందలాడే ఒకసారి. రాత్రి మేత వద్దు.

ఏ చేప, ఎప్పుడు

తెలుపు మీద ఎరుపున్నది కొహాకు, దానికి అక్కడక్కడా నలుపు చేరితే సాంకే, నలుపే ఎక్కువై దానిమీద ఎరుపు తెలుపు ఉంటే షోవా. మొదటి కొలనుకి జపాన్ నుంచి దిగిన చేపలు వద్దు. మన దేశంలో పెంచినవి నాలుగైదు అంగుళాలవి ఎంచుకోండి, ఇక్కడి వేడికి పుట్టి పెరిగినవి. చెన్నై కొళత్తూరు రంగు చేపల వ్యాపారానికి పేరున్న చోటు. తెచ్చుకోవాలంటే ఎండ ముదరని వేళ ప్రయాణమయ్యేలా చూసుకోండి. రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడిన చేప, రాళ్లకి ఒళ్లు రుద్దుకునే చేప ఉన్న తొట్టిలోంచి బాగున్న చేపని కూడా కొనకండి. తెచ్చినవాటిని మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడటం మొదటిసారి అనవసరమనిపిస్తుంది, రెండోసారి నుంచి పాతచేపల ప్రాణం దానిమీదే ఆధారపడి ఉంటుంది.

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. నేల ఆరి ఉంటుంది, ఉగాదిలోపు గోడలు లేస్తాయి. ఎండాకాలమంతా నీళ్లు నింపి, ఫిల్టరు నడుపుతూ, చేపలు లేకుండానే చూడండి. కొలను సాయంత్రానికి ఎన్ని డిగ్రీలకి చేరుతోందో థర్మామీటర్‌తో రాసుకోండి. 30 దాటుతుంటే నెట్ ఇంకొంచెం పరవాలి. జులై, ఆగస్టుల్లో ఎండ తగ్గాక మూడు చేపలతో మొదలుపెట్టండి. ఫిల్టరులో బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో అమ్మోనియా, అది విరిగేటప్పుడు వచ్చే నైట్రైట్ ఎంతున్నాయో కిట్‌లతో రోజు విడిచి రోజు చూడాలి. నైట్రైట్ కనిపిస్తే వెయ్యి లీటర్లకి కిలో రాళ్ల ఉప్పు కలిపితే చేపలకి రక్షణ. అక్టోబరు నుంచి వానలకి కొలను పొంగకుండా అంచుకి నాలుగంగుళాల కింద జాలీ ఉన్న పైపు ఒకటి ఉండాలి. మిగతా మూడు నాలుగు చేపల్ని డిసెంబరులో వానలు వెనక్కి తగ్గాక తెచ్చుకుంటే, మే వచ్చేసరికి అన్నీ ఆ నీళ్లకి అలవాటుపడి ఉంటాయి.